కుండల్లో సున్నం

సత్తియ్య విసిరిన మొదటి కుండ శాంతికుమారి చెవి పక్కనుంచి పోయి గుంజకి తగిలి పగిలింది. రెండోది అంత మర్యాదగా పోలేదు. దాని పెంకు ఆమె మోచేతిని గీరి, ఎర్రటి గీత ఒకటి పెట్టి మరీ పోయింది.

“నిన్ను కాదు పిల్లా! పక్కకి తప్పుకో!” అని అరిచాడు సత్తియ్య. “నీ బావ తలకాయకి ఇసుర్తన్నాను!”

ఆ తలకాయ కల్లుపాక మూల, నీలం ప్లాస్టిక్ డ్రమ్ము వెనక దాక్కుంది. ఊళ్లోకెల్లా పొడుగు మనిషికి పొట్టిబాబని పేరు పెట్టారు. ఆ పొడుగే ఇవాళ అతనికి శత్రువైంది. ఎంత వంగినా నుదురు డ్రమ్ము మీంచి కనిపిస్తూనే ఉంది. సత్తియ్య మూడో కుండ అందుకున్నాడు. అనకాపల్లి మార్కెట్లో పదేళ్లుగా బెల్లం దిమ్మలు మోస్తున్న చేతులవి. ఈసారి గురి తప్పలేదు.

పొట్టిబాబు కేక పెట్టి లేచాడు. నుదుటి మీంచి రక్తం కనుబొమ్మ దాటి కంట్లోకి దిగింది.

“మా నాన్న లెగాల! లెగకపోతే నిన్నిక్కడే పాతీసి పోతాను!” అన్నాడు సత్తియ్య.

శాంతి ఆ పాకలో అడుగు పెట్టడం ఇదే మొదటిసారి. తొలి కాన్పు అయ్యేదాకా కోడలు పాక గుమ్మం తొక్కకూడదన్నది ఆ ఇంటి కట్టడి. పెళ్లయిన ఎనిమిది నెలలుగా పెరట్లోంచే పాకని చూస్తూ వచ్చింది. ఇవాళ ఆ కట్టడి గుర్తుచేయాల్సిన అత్తగారు సీతాలమ్మ ఊళ్లో లేదు. మొక్కు తీర్చుకోడానికి నిన్న సాయంత్రమే ఉపమాక వెళ్లింది. మిగిలినవాళ్లకి కట్టడి మాటెత్తే తీరిక లేదు. ఆరుగురికైతే అసలు మాటే లేదు. నేల మీద పడి ఉన్నారు.

ఒకడు బల్ల కింద, ముంత చేత్తో పట్టుకునే పడిపోయాడు. ఒకడు గుమ్మంలో, సగం నీడలో సగం ఎండలో. సత్తియ్య తండ్రి పరదేశి గోడవార పక్కకి ఒరిగి, గురక కాని గురకేదో తీస్తున్నాడు. మధ్యమధ్య అదీ ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా పాకలో ఉన్నవాళ్లందరి ఊపిరీ ఆగుతోంది.

“అంబులెన్సుకి ఎవరైనా ఫోన్ చేశారా?” అని అడిగింది శాంతి.

ఎవరూ చేయలేదు. కొట్టడానికి అందరికీ చేతులు ఖాళీగా ఉన్నాయి, ఫోన్ చేయడానికి లేవు.

శాంతి పాక వెనక్కి వెళ్లి 108కి చేసింది. హైవే మీద ఏ మలుపు, ఎన్నో సందు, అన్నీ చెప్పింది. ఏం తాగారని అడిగింది అవతలి అమ్మాయి. శాంతి గొంతు తగ్గించింది.

“కల్లు. అందులో నిద్రమాత్రల పొడిలాంటిది ఏదో కలిసింది. ఏ పొడో నాకు తెలీదు. డాక్టరుకి తప్పకుండా చెప్పండి.”

డాక్టరుకి చెప్పడం తేలిక. పాకలో వాళ్లకి చెప్పడమే కష్టం.

*

గురువారం మధ్యాహ్నం నుంచి శాంతికి ఈ సంగతి తెలుసు.

సీతాలమ్మ పాక అంటే చుట్టుపక్కల ఓ పేరుంది. ఇరవై రెండు తాడిచెట్లు, ఏ చెట్టు కల్లు ఆ చెట్టుదే. కుండ మీద సుద్దతో చెట్టు పేరు రాసి పెడుతుంది. కాలవవార బోదిగట్టుది పులుపు, మెట్టది ఘాటు, జంటతాడిది పిల్లలు తాగేంత మెతక. పాత బేరగాళ్లు వచ్చి, “నాకు జంటతాడి పొయ్యి అత్తా” అని పేరు పెట్టి అడుగుతారు. ముప్పయ్యేళ్లుగా ఒక కుండది ఇంకో కుండలో కలిపి ఎరగదు ఆవిడ.

ఈ మధ్య కంపెనీల పనులని ఎక్కడెక్కడి కూలీలో వచ్చి హైవే పక్కన షెడ్లేసుకున్నారు. వాళ్లకి చెట్ల పేర్లతో పని లేదు. ఆదివారం వచ్చిందంటే పాక బయట దాకా వరస. చెట్లు మాత్రం ఆ ఇరవై రెండే. పెద్దకొడుకు పొట్టిబాబు మోకాలు పాడై చెట్లెక్కడం మానేశాక పాక పెత్తనం తీసుకున్నాడు. నీలం డ్రమ్ము తెచ్చాడు. అన్ని కుండలూ అందులో ఒంపి, నీళ్లు పోశాడు. నీళ్ల కల్లు ఎక్కడం లేదని కూలీలు గోల పెడితే, ఎక్కడానికి పొడి కలిపాడు.

ఆ పొడి కలపడం పెరటి దడి కంతలోంచి శాంతి కళ్లారా చూసింది. వెళ్లి అత్తకి చెప్పింది.

సీతాలమ్మ చేస్తున్న పని ఆపలేదు. “వల్లకో, నోరెత్తకు. నాకు తెలుసు,” అంది. “సిన్నోడికి తెలిస్తే పెద్దోణ్ని సంపేత్తాడు.”

ఆ చిన్నోడు శాంతి మొగుడు అప్పలరమణ. నెమ్మదస్తుడే. కాకపోతే నిరుడు తన కుండలో ఎవడో నీళ్లు పోస్తే, ఆ పోసిన చేతి మణికట్టు విరిచి, ఆసుపత్రికి తనే మోసుకెళ్లాడు. అంచేత శాంతి మొగుడికి చెప్పలేదు. సొంతంగా ఆలోచించింది. పాలిటెక్నిక్‌లో మూడేళ్లు ఫ్లోచార్టులు గీసిన పిల్ల. గడులు గీసుకుంది. కుండకి సున్నం రాస్తే కల్లు పులవదు, తీపిగా ఉండిపోతుంది. తీపిదైతే అమ్మరు. అమ్మకపోతే పొడి కలపరు. ఆదివారం గడుస్తుంది, అత్త తిరిగొస్తుంది, ఏదో ఒకటి తేలుతుంది.

ఆ ఇంట్లో కుండలు ఆడవాళ్లవి, కత్తి మగవాళ్లది. కుండకి ఏం రాశారని మగవాళ్లు అడగరు, కల్లు కారే గెల ఎలా చెక్కావని ఆడవాళ్లు అడగరు. నిన్న సాయంత్రం అప్పలరమణ సున్నం కుండల వంక ఒకసారి చూసి, తల్లి తాటిబెల్లం వండమని చెప్పిందేమో అనుకున్నట్టున్నాడు, కిక్కురుమనకుండా తీసుకెళ్లి చెట్లకి కట్టాడు.

శాంతి ఫ్లోచార్టులో ఒక గడి తక్కువైంది. అందులో బావగారి కోపం ఉండాలి.

పొట్టిబాబు పొద్దున్నే కల్లు నోట్లో పోసుకుని చూశాడు. తీపి. బయట యాభైమంది నిలబడి ఉన్నారు. తమ్ముడు కావాలనే తన ఆదివారం తగలబెట్టాడనుకున్నాడు. ఆ కసితో ఉన్న పొడంతా డ్రమ్ములో దులిపేశాడు. తీపిలో పొడి చేదు తెలియలేదు. రెండు ముంతలు తాగేవాళ్లు నాలుగు తాగారు.

*

అంబులెన్సు ఇరవై నిమిషాల్లో వచ్చింది. పరదేశినీ ఇంకో ఇద్దరినీ ఎక్కించుకుంది. మిగతా ముగ్గురినీ ఆటోల్లో పంపారు. తండ్రి వెంట తల్లిని పంపి, సత్తియ్య ఉండిపోయాడు. ఆసుపత్రిలో తనకి పని లేదు. ఇక్కడ ఉంది.

“సెప్పు. ఏటి కలిపేవు?” అంటూ పొట్టిబాబు చొక్కా పట్టి గుంజకేసి కొట్టాడు. పాక కప్పు మీంచి తాటాకు దుమ్ము రాలింది.

“నానేటీ కలపలేదురా! సూడు! ఆ పెంకులు సూడు!”

సత్తియ్య కిందికి చూశాడు. తను పగలగొట్టిన కుండల పెంకులకి లోపలివైపు తెల్లగా ఉంది. ఒకటి తీసి గోటితో గీకాడు. మందంగా లేచింది. సీతాలమ్మ సున్నం రాస్తే వేలితో, కనీ కనబడనట్టు రాస్తుంది. శాంతి బ్రష్షుతో రాసింది. గోడకి వెల్ల వేసినట్టు రెండు పూతలు వేసింది.

“ఇదేటిరా ఇంత సున్నం?”

“అదేరా నాను సెప్తన్నది! సున్నం ఎక్కువైతే విసమే కదా! కడుపులు కాలిపోయి పడిపోయేరు!”

“ఎవులు రాసేరు?”

పొట్టిబాబు కంట్లో రక్తం తుడుచుకున్నాడు. ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో అతను వేరే మాట ఏదైనా అనుంటే బాగుండేది.

“సెట్టెక్కేవోడు ఎవుడు? ఆడే. నామీద కచ్చ. నా పాక ముంచీడానికి సేసేడు.”

“బావగారూ!” అంది శాంతి. “అబద్ధం. డ్రమ్ములో మీరు కలిపిన పొడి—”

చెంప మీద పడ్డ దెబ్బకి ఆమె డ్రమ్ముకి కొట్టుకుంది. తమ్ముడి పెళ్లాం ఎదురుపడితే పక్కకి తప్పుకుని నడిచే మనిషి, ఎనిమిది నెలల్లో ఆమెతో పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి, అరచెయ్యంతా తెరిచి కొట్టాడు. నోట్లో ఉప్పగా తగిలింది.

“మొగుణ్ని ఎనకేసుకొత్తంది. సూసేరా?” అన్నాడు పొట్టిబాబు జనంతో.

“అమ్మాయి ఏటో అంటంది, అననీండి,” అన్నాడు వెనక ఎవరో.

“ఏటంటాది? సున్నం కంటికి కనబడతంది, పొడి ఏది? పొడి సూపించమను!”

పొడి లేదు. ఉన్నదంతా ఆరుగురి కడుపుల్లోనూ డ్రమ్ములోనూ ఉంది. పొడి సంచి పొద్దుటే పొయ్యిలో కాలిపోయింది. కంటికి కనబడే సున్నం, కనబడని పొడి, వీటిలో జనం దేన్ని నమ్ముతారో తేలడానికి ఎంతోసేపు పట్టలేదు.

“ఎక్కడున్నాడాడు?” అన్నాడు సత్తియ్య.

“బోదిగట్టు సెట్టు మీద. మజ్జానం సెక్కుకి ఎల్లేడు.”

పాక పక్కన కట్టెల మోపు మీద గొడ్డలి ఉంది. సత్తియ్య దాన్ని చూసినప్పుడే ఏం జరగబోతోందో శాంతికి తెలిసింది. జనం కదలకముందే పరుగు పెట్టింది.

*

ఆమె చేరేసరికి అప్పలరమణ చెట్టు తలలో ఉన్నాడు. నడుముకీ మానుకీ కలిపి చుట్టిన మోకు మీద వెనక్కి వాలి, తీరిగ్గా గెల చెక్కుతున్నాడు. కింద కేకలు విని తొంగి చూశాడు.

“ఏటే? ఎందుకలా పరిగెడతన్నావు? అమ్మకేటైనా అయ్యిందేటి?”

“దిగకు మావా! దిగకు!”

దిగమని అరవడానికి వచ్చింది. వెనక్కి తిరిగి చూసేసరికి ముప్పయిమంది గట్టెక్కి వస్తున్నారు. మాట దానంతటదే మారిపోయింది.

మొదటి రాయి మట్టల్లో పోయింది. రెండోది అతని భుజానికి తగిలింది. మూడోది దవడకి తగిలినప్పుడు కత్తి చెయ్యి జారి, ఎండలో తళుక్కుమంటూ వచ్చి, సత్తియ్య కాలికి జానెడు దూరంలో దిగబడింది.

“సూసేరా! కత్తి ఇసిరేడు!” అని పొట్టిబాబు వెనకనుంచి కేకేశాడు.

“ఇసర్లేదురా అన్నా, జారిపోయింది!” అన్నాడు అప్పలరమణ పైనుంచి. దవడ రక్తం చుక్కలు చుక్కలుగా కింద మట్టిలో పడుతోంది. “ఏటయ్యిందో ఒకలు సెప్పండి! తరవాత కొడుదురు గాని!”

సత్తియ్య చెప్పలేదు. గొడ్డలి ఎత్తాడు. తాడి మాను మొండిది, మొదటి దెబ్బకి గొడ్డలి ఎగిరి వచ్చింది. రెండో దెబ్బ దిగింది. చెట్టు కింది నుంచి పైదాకా అదిరింది. పైన మోకు కిర్రుమంది.

మూడో దెబ్బకి గొడ్డలి ఎత్తేసరికి మానుకి అడ్డంగా శాంతి ఉంది. రెండు చేతులూ వెనక్కి చుట్టి, వీపు చెట్టుకి ఆనించి నిలబడింది.

“తప్పుకో.”

“సున్నం రాసింది నేను.”

“తప్పుకో పిల్లా, సంపేత్తాను.”

“నేను రాశాను! ఆయన కుండలు కట్టాడంతే. మీ ఇళ్లల్లో ఆడవాళ్లు ఇచ్చిన కుండలో ఏముందని మీరెప్పుడైనా అడిగారా? ఈయనా అడగలేదు. బ్రష్షుతో రాసింది నేను. ఆ బ్రష్షు పెరట్లో ఉంది, ఎల్లి సూడండి!” పాలిటెక్నిక్ భాష ఎటో పోయింది. ఆమె ఊరి మాట ఆమెకి తెలియకుండానే బయటికి వచ్చింది.

“ఎందుకు రాసేవు?”

“మా బావ డ్రమ్ములో మత్తు పొడి కలపడం సూసేను. తీపి కల్లయితే అమ్మడు కదా అనుకున్నాను. అమ్మకపోతే మీరు తాగరు అనుకున్నాను.”

“తాగేం!” అన్నాడు సత్తియ్య. “మా నాన్న నాలుగు ముంతలు తాగేడు. తియ్యగుందిరా, మీ అమ్మకి కూడా ఓ ముంత పట్టుకెల్దాం అన్నాడు.”



“కట్టుకతలు!” పొట్టిబాబు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. “నాను పొడి కలిపినట్టు ఎవులు సూసేరు? ఇదొక్కత్తే సూసిందా? మొగుణ్ని కాపాడుకోడానికి ఏటైనా సెప్తాది!”

“అత్తకి తెలుసు,” అంది శాంతి. “అత్తని అడగండి.”

అప్పుడు పైనుంచి అప్పలరమణ మాట్లాడాడు. అరవలేదు. అయినా అందరికీ వినబడింది.

“శాంతీ. నీకు ఎప్పుడు తెలిసింది?”

శాంతి తల పైకెత్తలేకపోయింది. ఎత్తితే ఎండ కళ్లలో పడుతోంది.

“గురువారం.”

గట్టు మీద నిలబడ్డ ముప్పయిమందీ మనసులో ఒకే లెక్క వేసుకుంటున్నారు. గురువారం సాయంత్రం ఎవరు తాగారు, శుక్రవారం ఎవరు తాగారు, శనివారం ఎవరు తాగారు.

“నాను రోజూ ఆ కుండలు దింపి ఇచ్చేను,” అన్నాడు అప్పలరమణ. “నా సేత్తో.”

“మావా...”

“నాకు సెప్పలేదు.”

ఆ రెండు మాటల కంటే బావగారి చెయ్యే నయమనిపించింది శాంతికి.

*

హైవే వైపు నుంచి ఆటో ఒకటి వచ్చి గట్టు కింద ఆగింది. సీతాలమ్మ దిగింది. నుదుటన పసుపూ కుంకుమా, చేతిలో ఉపమాక ప్రసాదం మూట. బస్సు కాంప్లెక్సు దగ్గర ఎవరో కబురు చెప్పినట్టున్నారు, చెప్పులు కూడా ఆటోలోనే వదిలేసి వచ్చింది. చెట్టు మీద చిన్నోడిని చూసింది. చెట్టు కింద పెద్దోడిని చూసింది. మానులో దిగిన గొడ్డలి గాటు చూసింది.

“పరదేశన్నకి ఎలాగుందిరా?” అని అడిగింది ముందు.

“తెలీదత్తా,” అన్నాడు సత్తియ్య. “నువ్వొక్క మాట సెప్పు. పొట్టిబాబు బావ పొడి కలిపేడా, లేదా? నీ మాట మీద ఆగుతాను. నువ్వు ఎప్పుడూ మాకు అబద్ధం కల్లు పొయ్యలేదు.”

సీతాలమ్మ ప్రసాదం మూట గుండెకి హత్తుకుంది.

“అమ్మా, సెప్పవే!” అన్నాడు పొట్టిబాబు. “లేదని సెప్పు!”

చెట్టు మీద చిన్నోడు ఏమీ అడగలేదు.

ఆ మాట కోసం అప్పలరమణ ఆగలేదు. గెలకి కట్టి ఉన్న సున్నం కుండ విప్పాడు. “సున్నం వల్లే పడిపోయేరన్నారు కదా. సూడండి,” అని, కుండెత్తి తాగడం మొదలుపెట్టాడు. తీపి కల్లు గడ్డం మీంచి, దవడ రక్తంతో కలిసి కారింది. కుండ ఖాళీ చేసి, బోర్లించి చూపించాడు. తెల్లటి సున్నం ముద్ద కింద పడింది. “నాను పడిపోతే సున్నం తప్పు. ఇప్పుడు డ్రమ్ములోది మా అన్నని తాగమనండి.”

ఇద్దరు పరుగెత్తారు. చెంబు నిండా డ్రమ్ములోది ముంచుకుని, చిందకుండా తెచ్చి పొట్టిబాబు చేతికిచ్చారు.

పొట్టిబాబు చెంబు వంక చూశాడు. జనం వంక చూశాడు.

“నాకు సుగరుందిరా. తీపి తాగొద్దన్నాడు డాక్టరు.”

ఎవరో నవ్వారు. నవ్వొచ్చే మాట కాదు గాబట్టి ఆ నవ్వు వెంటనే చచ్చిపోయింది.

“తాగు,” అన్నాడు సత్తియ్య గొడ్డలి భుజాన వేసుకుని.

“సత్తీ, మనం సుట్టాలం...”

“తాగు బావా.”

పొట్టిబాబు చెంబు దూరంగా పట్టుకున్నాడు. అంచు దాటి కొంచెం ఒలికింది. సీతాలమ్మ రెండడుగులు వేసి, పెద్దకొడుకు చేతిలోంచి ఆ చెంబు అందుకుంది. ముప్పయ్యేళ్లు ఊరందరికీ పోసిన మనిషి, ఒక్క బొట్టు నోట పెట్టి ఎరగదు.

“అత్తా, వద్దు!” అని శాంతి చెట్టుని వదిలి ముందుకు రాబోయింది.

“నువ్వక్కడే ఉండు! సెట్టుకాడ నుంచి కదిలితే ఈళ్లు కొట్టీగలరు!” అంది సీతాలమ్మ. తర్వాత సత్తియ్య వైపు తిరిగింది. “నా కొడుకులిద్దరిలో ఎవుడిది తప్పని నా నోటితో సెప్పమంటే నాను సెప్పలేనురా. ఇది తాగుతాను. పడితే పెద్దోడిది తప్పు. పడకపోతే...” చెట్టు వంక చూసింది. ఆ మాట పూర్తి చేయలేదు.

గడగడా తాగేసింది. మొక్కుకి నిన్నటి నుంచి ఉపవాసం ఉన్న కడుపు. ఖాళీ చెంబు నేల మీద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని నిలబడింది.

“మా నాన్న పావుగంటకి పడిపోయేడు,” అన్నాడు సత్తియ్య. “పావుగంట ఆగుతాను. ఆ తరవాత ఎవులు సెప్పినా ఆగను.”

*

శాంతి ఫోన్లో టైము చూసింది. ఒంటిగంట పది.

“ఆటో తిప్పి పెట్టు బాబూ. ఇంజను ఆపకు,” అంది ఆటో అతనితో. అతను తలూపి తిప్పాడు.

ఐదు నిమిషాలు. పైన అప్పలరమణ మోకు మీద వాలి, తల్లి వంకే చూస్తున్నాడు. పడిపోలేదు. నోరు కాలినట్టుంది, మాటిమాటికీ ఉమ్ముతున్నాడు.

ఏడు నిమిషాలు. ఎవరో బీడీ వెలిగించి, ఒక దమ్ము లాగి పారేశాడు.

“కూకో అత్తా,” అన్నాడు సత్తియ్య.

“కూకోను.”

పది నిమిషాలు. సీతాలమ్మ కళ్లు ఒకసారి మూతపడి, ఉలిక్కిపడి తెరుచుకున్నాయి. పాదాలు ఎడంగా పెట్టుకుంది.

శాంతి అది చూసింది. తను దేనికోసం ఎదురుచూస్తోందో అప్పుడు తెలిసింది ఆమెకి. పడాలి. అత్త పడాలి. ఇంకో ఐదు నిమిషాల్లో ఈ మనిషి నేల మీద పడకపోతే చెట్టు మీది మనిషి పడతాడు. తొలిరోజు కాళ్లకి పసుపు రాసి ఇంట్లోకి తీసుకొచ్చిన మనిషి పడిపోవాలని, పళ్లు బిగించి, ఎండలో నిలబడి కోరుకుంటోంది తను.

పన్నెండో నిమిషంలో సీతాలమ్మ చేతిలోంచి ప్రసాదం మూట జారింది. మోకాళ్లు మడతపడ్డాయి.

నేలని తాకలేదు. పొట్టిబాబు ఒక్క ఉరుకులో వెనకనుంచి పట్టుకున్నాడు. రెండు చంకల కిందా చేతులు వేసి, తల్లిని నిలువునా ఎత్తిపట్టాడు. ఆరడుగుల మనిషి ముందు ఆవిడ దండెం మీది చీరలా వేలాడింది. కాలి బొటనవేళ్లు మట్టిని గీస్తున్నాయి.

“సూడండి! నిలబడే ఉంది! ఎండకి కళ్లు తిరిగేయి, అంతే! అమ్మా, నిలబడు! నిలబడవే! సత్తీ, సూడు, పడలేదు!”

“అన్నా!” పైనుంచి అప్పలరమణ గావుకేక పెట్టాడు. “వదులు! ఆటో ఎక్కించురా! సచ్చిపోద్దిరా!”

“పడలేదు! పడలేదు!”

సీతాలమ్మ తల పక్కకి వాలిపోయింది. గొంతులోంచి పరదేశి తీసిన గురకలాంటిదే మొదలైంది. సత్తియ్య గొడ్డలి పట్టుకుని, ఆవిడ పాదాల వంకా నేల వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. పడినట్టా? పడనట్టా? జనంలో ఎవరికీ తెలియడం లేదు.

శాంతి చెట్టుని వదిలేసింది. ఎవరు గొడ్డలి ఎత్తుతారో చూడలేదు. వెళ్లి బావగారి వేళ్లు అత్త ఒంటి మీంచి ఒక్కొక్కటే లాగింది. ఒకటి లాగితే ఇంకోటి బిగుసుకుంది.

“వదలండి బావగారూ.”

“పడలేదని సెప్పు! నువ్వు సెప్పు అమ్మాయ్, పడలేదని!”

గురక ఆగింది.

శాంతి వంగి, ఆయన చేతిని పళ్లకి అందినంతా పట్టుకుని కొరికింది. ఎముక తగిలేదాకా కొరికింది. నోటి నిండా రక్తం వచ్చింది.

ఆయన వదల్లేదు.